మెట్ల కింద రాయి

మా ఇంటి వెడల్పు తొమ్మిది అడుగులు. హనోయ్ పాతపేటలో ఇళ్ళన్నీ ఇంతే, లోపలికి వెళ్తే రైలుపెట్టెలోకి వెళ్ళినట్టే ఉంటుంది. ఆ తొమ్మిది అడుగుల్లో మూడున్నర అడుగులు మా నాన్న చేయించిన చెక్కమెట్లే తినేసేవి. మిగిలినదాంట్లో నా భార్య దియెప్ పీతల పులుసుతో బియ్యపు సేమ్యా అమ్ముతుంది.

"ఆ మెట్లు తీసేసి చుట్టుమెట్లు పెట్టిస్తే ఇంకో నాలుగు బల్లలు పడతాయండీ" అని నాన్న పోయిన మూడో నెల నుంచీ నా చెవిలో పోరు పెట్టింది. ఆయన ఉన్నంతకాలం మాత్రం నోరెత్తలేదు. డెబ్భై తొమ్మిదేళ్ళు బతికిన మనిషి, అందులో సగం మమ్మల్ని తిట్టడానికే వాడుకున్నాడు. మొదటి సంవత్సరీకం ఇంకా రెండు వారాలుందనగా నేను లొంగిపోయి, వెల్డింగు మేస్త్రీ కన్‌ని పిలిచాను.

పాత మెట్లంటే నాకు ఇష్టం లేక కాదు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక నాన్న పనిచేసిన ఫ్యాక్టరీకి రష్యా నుంచి యంత్రాలు వచ్చేవి. ఆ పెట్టెల చెక్కతోనే మెట్లు చేయించాడు. కింద పడుకుని పైకి చూస్తే చెక్కల అడుగున నల్లటి రష్యన్ అక్షరాలు కనిపించేవి. చదువు రాని వయసులో అది నాన్న పేరే అనుకునేవాణ్ణి. ఆరో మెట్టు కిర్రుమనేది. చక్కెర డబ్బా కోసం ఎంత మెల్లగా దిగినా, "ఆరో మెట్టు నీ పేరు చెప్పిందిరా విన్!" అని వంటింట్లోంచి అమ్మ కేకేసేది.

అన్నిటికన్నా అడుగున, మెట్ల మొదట్లో, ఒక నీలం రంగు బండరాయి ఉండేది. జానెడు ఎత్తు, ఇద్దరు కూర్చునేంత వెడల్పు. అమ్మ దానిమీద కూర్చుని తూటికూర గిల్లేది. నాన్న పక్కనే టీ గ్లాసుతో కూర్చుని, "సగం కాడలు పారేస్తున్నావు, మనకేమైనా తోటలున్నాయా?" అని సతాయించేవాడు.

మా ఊళ్ళో మెట్లు కట్టేవాడు ఎవడైనా నాలుగు మాటలతో లెక్కపెడతాడు. పుట్టుక, ముసలితనం, జబ్బు, చావు, మళ్ళీ పుట్టుక. ఆఖరి మెట్టు పుట్టుక మీద పడాలి. నాన్న మెట్లు పదిహేడు, అంటే పుట్టుకే. కన్‌కి కూడా పదిహేడే చెప్పాను.

"పదహారు పెట్టుకుందాం అన్నా, ఇనుము కలిసొస్తుంది" అన్నాడు వాడు.

"మా అమ్మని చావు మీదకి ఎక్కిస్తావట్రా?" అన్నాను.

చెక్కమెట్లు ఊడదీస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చెక్కలు తోపుడుబండిలో పోయాయి. రాయిని దియెప్ బయట కాలువ పక్కకి దొర్లించి, గిన్నెలు కడగడానికి వాడుకుంది.

ఇనుప మెట్లు ముచ్చటగా తిరుగుతూ పైకి లేచాయి. నేను మురిసిపోయాను. అమ్మ మాత్రం ఎక్కలేదు. ఒకరోజు కళ్ళు తిరుగుతున్నాయంది, ఒకరోజు మోకాళ్ళంది. కింద మడతమంచం వేసుకుని పడుకుంది. పైఅంతస్తులో పెద్దల పీఠం దగ్గర రోజూ తనే అగరొత్తులు వెలిగించే మనిషి, ఇప్పుడు నన్ను పంపిస్తోంది. పొద్దంతా బయట కాలువ పక్కన ఆ రాయి మీదే కూర్చుంటోంది. నాన్న తిథికి కూడా పైకి రాదేమోనని నాకు భయం పట్టుకుంది.

"అత్తయ్యకి నా బల్లల మీద కోపం" అంది దియెప్ ముఖం ముడుచుకుని. ఆ మాట మీద మేమిద్దరం మూడు రోజులు మాట్లాడుకోలేదు. అలాంటి మూడు రోజులు మా కాపురంలో చాలానే ఉన్నాయి.

తిథి రోజు రానే వచ్చింది. ఉడికించిన కోడి, జిగురు బియ్యపన్నం, వెదురు చిగుళ్ళ పులుసు గిన్నెల్లో సిద్ధంగా ఉన్నాయి. అమ్మ మంచి బట్టలు కట్టుకుని చుట్టుమెట్ల దగ్గరికి వచ్చింది. మొదటి మెట్టు మీద పాదం పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఒకటి తక్కువైంది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దబదబా అడుగులు వేస్తూ, గట్టిగా లెక్కపెడుతూ పైదాకా ఎక్కాను. "పదిహేడు! పుట్టుక! ఇంకేం కావాలమ్మా నీకు?"

"రాయిని మీ తాత లెక్కపెడతాడా?"

"రాయి మెట్టేమిటి? అది కూర్చునే పీట."

"పీట కోసం మీ నాన్న అంత బరువు సైకిల్‌కి కట్టుకుని ఏటిగట్టు నుంచి తోసుకుంటూ వచ్చాడట్రా?"

నేను మనసులో లెక్క వేసుకున్నాను. రాయితో కలిపితే పద్దెనిమిది. ముసలితనం. ఏ ఇంట్లోనూ ఎవడూ అక్కడ ఆపుకోడు. నలభై ఏళ్ళకి పైగా తొక్కాను, ఒక్కసారి కూడా దాన్ని కలుపుకోలేదు.

అమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "మన సందులోంచి పదకొండు మంది యుద్ధానికి వెళ్ళారు. తిరిగొచ్చింది ముగ్గురు. వడ్రంగి పదిహేడు దగ్గర ఆపితే మీ నాన్న నాతో అన్నాడు, 'పుట్టుక అయిపోయింది కదే, వీడు ఉయ్యాల్లోనే ఉన్నాడు. మనకి కావాల్సింది ముసలితనం. నా వాళ్ళెవరికీ అది దక్కలేదు' అని. మర్నాడే రాయి తెచ్చాడు. నలుగురూ నవ్వుతారు, ఎవరికీ చెప్పకు అన్నాడు."

"నాకైనా ముందే చెప్పచ్చు కదమ్మా?"

"నన్ను అడిగావా? వెల్డింగువాణ్ణి అడిగావు."

దియెప్ మెల్లగా అంది, "అత్తయ్యా, మామయ్యగారు అడిగింది మీ ఇద్దరికీ దక్కింది కదా. ఇంకా ఆ రాయి ఎందుకు?"

"నాకోసమనుకున్నావా పిచ్చిదానా? ఎనభై ఏళ్ళొచ్చాయి, ఇంకా ఏం ముసలిదాన్నవుతాను? ఇకమీదట రోజూ ఎక్కి దిగేది మీరిద్దరు."

దియెప్ తడిచేతులు నడుముకి చుట్టుకున్న తువ్వాలుకి తుడుచుకుని బయటికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినిపించింది.

"అలా చూస్తారేంటండీ? రెండో వైపు పట్టుకోండి!" అని అక్కణ్ణుంచే అరిచింది.

ఇద్దరం రొప్పుతూ రాయిని లోపలికి తెచ్చి చుట్టుమెట్ల మొదట్లో దించాం. కొత్త బల్లల్లో ఒకటి అడ్డం వచ్చింది. దియెప్ దాన్ని తనే ఎత్తి గోడవారగా నిలబెట్టేసింది.

అమ్మ రాయి మీద ఎక్కి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకి ఒక్కో మాట చెప్పుకుంటూ ఎక్కింది. వెనకే కోడి గిన్నెతో నేను, నా వెనక పులుసు గిన్నెతో దియెప్. పై మెట్టు మీద అడుగుపెడుతూ, "ముసలితనం" అని సంతోషంగా చెప్పి అమ్మ నాన్న ఫొటో వైపు నడిచింది. నేనూ అదే మాట అనుకుంటూ ఎక్కాను.

నా వెనక దియెప్ కూడా ఆఖరి మెట్టు ఎక్కి, ఆ మాటే పైకి అంది.