ఇంజిను నుదుటి బొట్టు

శరదృతువు ముగియవచ్చి కార్తికమాస మేఘములు తూర్పుదిక్కున గుంపులుగట్టుచుండగా కోరంగి మడయడవుల యంచున బారు ఉప్పుటేరు సీసమువలె నల్లబడి కదలక మెదలక యుండెను. కొంగలు వేట మాని మడకొమ్మల నడుమ తలలు ముడుచుకొని కూర్చుండెను. రాబోవు గాలివాన సంగతి పక్షులకే గాక రేవువారికందరకును దెలిసియే యుండెను. అయినను ఇంట గంజి కాగవలయును గదా యని పడవలు సముద్రమునకు బోవుచునే యుండెను.

ఆ రేవున ఎల్లాజీ యను జాలరికి చిన్న మోటారు పడవ యొకటి కలదు. దాని యింజిను చేతితో ద్రిప్పిన దిరుగునది కాదు. మీట నొక్కగా బ్యాటరీ బలముచే మేల్కొనునది. మేల్కొనిన యింజిను నడుచునంతసేపును మరల నా బ్యాటరీకి బలమిచ్చుచుండవలయును. ఆలుమగలవలె నొండొరుల బోషించుకొను నా కాపురము ఆ యేడు చెడెను. మీట ప్రక్కనున్న ఎఱ్ఱదీపము, బ్యాటరీకి బలము చేరుటలేదని తెలుపునది, ఇంజిను నడుచుచున్నను ఆరకుండెను. ఒడ్డున నిండుగా చార్జి చేయించి తెచ్చిన బ్యాటరీ రెండుమూడు వేటలకే నీరసించుచుండెను. నడిసంద్రమున ఇంజిను లేవకున్న నేమగునో ఆ కులమువారికి వేరుగ జెప్పనక్కరలేదు.

ఎల్లాజీ యోర్పుగలవాడు. బ్యాటరీలో నీరు తగ్గెనేమో యని పోసి చూచెను, బెల్టు వదులయ్యెనేమో యని క్రొత్తది బిగించెను, దీపమారదయ్యెను. తుదకు కాకినాడ మేస్త్రికి జూపగా నతడు పరీక్షించి యిట్లనెను.

"బ్యాటరీకేం రోగం లేదు. ఇంజిన్లో పుట్టిన కరెంటు దీనిదాకా రావట్లేదంతే. వైర్లు కలిసే చోటల్లా ఉప్పుగాలికి చిలుం పట్టుంటాది. ఒక్కటీ వదలకుండా గరుకు కాయితం పెట్టి రుద్దెయ్."

ఎల్లాజీ యట్లే ఒక్కొక్క యతుకును రుద్దుచు ఇంజిను నుదుటనున్న మరచీల కడకు వచ్చెను. కరెంటు బయలువెడలు తీగ యా మరచీలకే బిగింపబడియుండును. గంగమ్మ జాతరనాడు అతని భార్య కాసులమ్మ ఆ చోటనే పసుపు మెత్తి కుంకుమబొట్టు పెట్టియుండెను. మరుసటి జాతరవరకు దానిని దుడువరాదనుట ఆ రేవు కట్టుబాటు. వారమువారమును తడిపసుపుమీద తడిపసుపు పడుచుండుటచే మరయు గానరాక తీగకొనయు గానరాక పసుపుముద్ద మాత్రమే కానవచ్చుచుండెను.

కాసులమ్మ మగని మణికట్టు పట్టుకొనెను.

"ఆ బొట్టు మాత్రం తుడవకు మావా. పడవ బొట్టు తుడిస్తే నా బొట్టు తుడిసినట్టే."

"మేస్త్రి ఒక్కటీ వదలొద్దన్నాడే."

"మేస్త్రి ఒడ్డున కూకుని సెప్తాడు. సంద్రంలో నిన్ను కాసేది గంగమ్మే గదా."

ఎల్లాజీ నవ్వి గరుకు కాగితమును మొలలో దోపుకొనెను. ఆ యిల్లాలిని మూఢురాలని యెంచువారు తొందరపడుచున్నారు. ఆమె పలికినది భయము, ఆ భయమునకు మూలము ప్రేమ.

ఆ వారమే వాయుగుండము పట్టెను. తక్కిన పడవలు ముసురు జూచి మరలుచుండగా, వల లాగుకొనుటకై యింజిను నాపిన ఎల్లాజీ మీట నొక్కెను. అది మూలిగి యూరకుండెను. సమీపపు పడవవారు అతడు మరల మరల వంగి మీట నొక్కుచుండుట చూచి త్రాడు విసరిరి, అది యందలేదు. పిదప వాన యడ్డమువచ్చి మరేమియు గానరాలేదు.

గాలి తగ్గినపిమ్మట పడవ మడవేళ్లలో జిక్కుకొని దొరికెను. ఎల్లాజీ శవము మరునాడు ఒడ్డున బడెను.

పెద్దకర్మనాడు అవ్వలు కాసులమ్మకు నిండుగ పసుపు పూసి కుంకుమ దిద్ది, పిదప దుడుచుటకై రేవునకు దోడ్కొనివచ్చిరి. అచ్చట ఆమె తమ్ముడు మసేను ఎల్లాజీ పడవను బాగుచేయుచుండెను.

"అన్నీ సూశానక్కా. ఈ బొట్టుకింద ఒక్కటే సూడలేదు," అని యతడు తలవంచుకొని పలికెను.

కాసులమ్మ అవ్వలవంక దిరిగెను.

"ముందు దాని బొట్టు తుడవనియ్యండి. తరవాత నాది."

పడవలోనికి దిగి ఆమె తడిగుడ్డతో నా ముద్దను దుడిచెను. క్రింద పచ్చని చిలుము. దానిలో తీగకొన పిండియై చేతికి రాలెను. మసేను మరను గీకి క్రొత్త తీగ బిగించి, ఒడ్డున చార్జి చేయించిన బ్యాటరీ తగిలించి మీట నొక్కెను. ఇంజిను మేల్కొనెను. మీట ప్రక్కనున్న ఎఱ్ఱదీపము రెండుమారులు మినుకుమని ఆరిపోయెను.

ఆమె దానిని చాలసేపు చూచి ఒడ్డెక్కి అవ్వల యెదుట గూర్చుండి ముఖమెత్తెను.

"ఇంక తుడవండమ్మా."

వెనుక ఏటిమీద ఇంజిను నిలుకడగా మ్రోగుచునే యుండెను.