తాడుకి రెండు కొక్కేలు

ఈ కొక్కెం కాస్త వంకరగా ఉందా, లేక పొద్దుట్నుంచి ఈ బాల్కనీ గోడకేసి చూసి చూసి నా మెడే వంకరపోయిందా, పోనీలే, నాలుగు తడి దుప్పట్లు ఆపితే అంతే చాలు, ప్లాస్టిక్ సామాను కొట్టు నడిపేదాన్ని, ఏ తాడు ఎంత బరువు మోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ఈ రెండు గదుల ఇంటి బరువు ఎంతకాలం మోయగలనో మాత్రం ఎవరూ అడక్కండి, ఖాళీ గదుల్లో నా చెప్పుల చప్పుడే ఎవరో వస్తున్నట్టు వినిపిస్తోంది, ఎవరూ రాలేదు, ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ డ్యూటీ దిగి తన అత్తగారిని తీసుకుని ఇల్లు చూడ్డానికి వస్తానంది, ఇవాళ నెలాఖరు, వీళ్ళు కూడా బాగుందండీ ఆలోచించుకుని చెబుతామని మెట్లు దిగిపోతే ఇల్లు పోయినట్టే, కింద గేటు దగ్గర మా ఆయన అన్నగారు, మా బావగారు, కొలత టేపు పట్టుకుని నిలబడ్డారు, ఇల్లు ఇంకా నాదే, కర్టెన్ల కొలతలు మాత్రం అప్పుడే ఆయనవి.

మా ఆయన మెత్తని మనిషి, అన్నగారి ఎదుట ఇంకాస్త మెత్తన, నెలాఖరులోపు అద్దెకి పోకపోతే నువ్వు చెప్పిన ధరకే నీకిచ్చేస్తాం అన్నయ్యా అని మాటిచ్చేసి వచ్చి, భోంచేస్తూ తల పైకెత్తకుండా నాతో చెప్పాడు, ఆ ధర నేను కొన్నదానికంటే తక్కువ, తేడా అంతా నా కొట్టు చెమట, బకెట్లు అమ్ముకునేదానికి ఇళ్ళ వ్యాపారం ఎందుకమ్మా అన్నారు బావగారు మొదట్లోనే, బకెట్లు అమ్ముకునేదాన్ని కాబట్టే బావగారూ అన్నాను, ఆయన నవ్వారు, నిజంగానే చెప్పాను, ఏ వీధిలోకి ఎవరు కొత్తగా దిగినా ముందు నా కొట్టుకే వస్తారు, బకెట్టు, మగ్గు, చీపురు, ఏ బిల్డింగువాళ్ళు పెద్ద డ్రమ్ములు కొంటున్నారో అక్కడ నీళ్ళు రావని నాకు తెలుసు, ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చి కొత్తింటికని చీపురు అడిగితే ఆ ఇంట్లో ఇమడలేక ఇల్లు మారారని తెలుసు, ఈ బిల్డింగు నుంచి డ్రమ్ము కోసం ఒక్కరూ రాలేదు, వెనక వీధిలో ఆసుపత్రి, జీతాలవాళ్ళు, అందుకే కొన్నాను, బ్రోకరు పెద్ద రోడ్డు మీద అద్దంలా మెరిసే ఫ్లాట్లు చూపించాడు, నేను గొడుగేసుకుని జోరువానలో ఈ ఇల్లు చూస్తానన్నాను, వానలో ఇల్లు చూస్తారా అమ్మా ఎవరైనా, ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది నాయనా, నాకు పైకప్పు ఏడుస్తుందో లేదో చూడాలి, అమ్మేవాణ్ణి కాదు, ఖాళీ చేసి వెళ్ళిపోతున్నవాళ్ళని పట్టుకుని ఎందుకు పోతున్నారని అడిగాను, బదిలీ అన్నారు, ఇంటిమీద కోపం లేదు, మంచిది, ఏడాది పొడుగునా అద్దె వస్తుందని లెక్కవేసుకునేవాడు వ్యాపారి కాదు, నేను పది నెలలకే వేశాను, ఒక నెల ఖాళీకి, ఒక నెల పైపులకీ రంగులకీ, లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు, ఒక నెల ఖాళీ పోయింది, సరే, రెండో నెలా పోయింది, బ్యాంకు వాయిదా కొట్టు గల్లాలోంచి పోయింది, ఇంక గల్లా అడుగు కనిపిస్తోంది.

అప్పుడు ఇక్కడ నీలం అద్దాలుండేవి, బాల్కనీ మూసి అద్దాలు పెట్టించండి, ఇంకో గది ఉందని చెప్పి అద్దె పెంచొచ్చు అన్నాడు బ్రోకరు, నాకూ నచ్చింది, పెట్టించాను, కుర్చీ వేసుకుని ఆ నీలం వెలుగులో కూర్చుంటే ఎంత బాగుంటుందో అనుకున్నాను, ఎవరు కూర్చుంటే, నేనా, నేనిక్కడ ఉండబోవడం లేదు కదా, ఆ మాట నాకు తట్టలేదు, డ్రైవర్లు అన్నదమ్ములు వచ్చారు, ఒక పంతులమ్మ వచ్చింది, చంటిపాపని ఎత్తుకుని ఒక అమ్మాయి వచ్చింది, అందరూ గదులు చూసి, ఆ అద్దాల దాకా నడిచి, ఒక్క క్షణం నిలబడి, చాలా బాగుందండీ అని వెనక్కి తిరిగారు, కొట్లో బేరానికొచ్చినవాడు వస్తువు కింద పెడితే ఎందుకు పెట్టాడో వాడికంటే ముందు నాకు తెలుస్తుంది, ఇక్కడ ఓనర్నయ్యేసరికి కళ్ళు మూసుకుపోయాయి, ఆ పాప తల్లే తర్వాత నా కొట్టుకొచ్చింది, బకెట్టు, మగ్గు, చీపురు, ఆ తర్వాత అందరూ అడిగేదే, ఒక కట్ట తాడూ క్లిప్పులూ, ఇల్లు ఎక్కడ తీసుకున్నావమ్మా అంటే ఎదురు బిల్డింగులోనేనండీ, ఇరుకే, కానీ ఎండ తగులుతుంది, పాపవి రోజుకి ఎన్ని బట్టలో, అంది, అంటూనే నాలుక కరుచుకుని మీ ఇల్లు కూడా బాగుందండీ అంది, తాడు కొలుస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఇన్నేళ్ళుగా కొత్తగా దిగిన ప్రతివాళ్ళకీ తాడు అమ్మినదాన్ని, తాడు కట్టుకునే చోటుకి నేనే అద్దాలు బిగించుకున్నాను, ఆ సాయంత్రమే మేస్త్రిని పిలిచాను, మా ఆయన నిచ్చెన పట్టుకుని, ఉన్న గది ఊడబీకుతున్నావు, అద్దె తగ్గుతుంది కదే అని ఒకటే గోల, ఖాళీ ఇంటికి ఎంతొస్తోందో చెప్పండి, తర్వాత తగ్గేది లెక్కేద్దాం అన్నాను, నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.

అడుగుల చప్పుడు, ఈసారి నా చెప్పులవి కాదు, నర్సమ్మ, వెనక ఆయాసపడుతూ అత్తగారు, నర్సమ్మ గదులు చూస్తోంది, పెద్దావిడ వంటింట్లో కొళాయి తిప్పి, నీళ్ళు చూడకుండా చప్పుడు విని, కట్టేసి, నా పక్కనుంచే తిన్నగా బాల్కనీలోకి నడిచింది, చెయ్యెత్తింది, కొక్కెం అందింది, మడమలు లేవలేదు, నా ఎత్తుకే బిగించమన్నాను మేస్త్రిని, నేనూ పొట్టిదాన్నే, ఎండ ఎటునుంచమ్మా అంది, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఇటేనండీ, రోజూ యూనిఫాం ఉతకాలండీ, ఇప్పుడున్న ఇంట్లో ఫ్యాను కింద ఆరేస్తే తడివాసనతోనే డ్యూటీకి పోతున్నాను అంది కోడలు, అద్దె కాస్త తగ్గించమంది, ఏడాది మొత్తం తగ్గించినా ఒక్క ఖాళీ నెల అంత కాదు, సరేనన్నాను, సరేననేముందు ఎన్నాళ్ళుంటారో, పాత ఓనరు నంబరేమిటో, ఏది పాడైతే ఎవరు బాగుచేయించాలో అన్నీ కాగితం మీద పెట్టుకుందామన్నాను, పెద్దావిడ నవ్వింది, నన్ను చూడ్డం అయిందా అమ్మా, ఇక నేను నిన్ను చూడాలి, కొళాయి పోతే ఎన్నాళ్ళకొస్తావు, మా కొట్టు ఆ మలుపులోనేనండీ, బాల్కనీలోంచి అరిచినా వినపడుతుంది, అయితే తాళాలివ్వు అని అడ్వాన్సు చేతిలో పెట్టింది, ఇచ్చాను, అప్పుడే బావగారు టేపుతో పైకొచ్చి, ఇంకా అవలేదా అమ్మా, చీకటి పడితే కొలతలు సరిగా రావు అన్నారు, అయిపోయింది బావగారూ, ఆ చివర కాస్త పట్టుకుంటారా, వీళ్ళ తాడుకి ఎంత కావాలో చూడాలి అన్నాను, ఏం చేస్తారు పాపం, పట్టుకున్నారు, నర్సమ్మ థాంక్సండీ అంటే తలూపారు కూడా, ఆ పొడవు నాకు ఈ జన్మకి గుర్తుంటుంది.

కొట్టుకి పరిగెత్తి తాడు కోసుకొచ్చాను, తాడు ఊరికే ఇద్దామని, క్లిప్పులకి మాత్రం డబ్బులు తీసుకుంటాను, మెట్లెక్కుతుంటే మోకాళ్ళు నొప్పనిపించలేదు, తలుపు వేసి ఉంది, చెయ్యి అలవాటుగా తాళంచెవి కోసం సంచీలో వెతికింది, లేదు, ఇచ్చేశాను కదా, నా ఇంటి తలుపు నేనే తట్టాలి, తట్టాను, లోపల కొళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు, ఆగింది, ఎవరూ అంది పెద్దావిడ, కాగితాల మీద నా పేరు పడి ఎన్నాళ్ళో అయింది, అప్పుడు ఇది నాది కాలేదు, నీలం అద్దాలు నాకు నచ్చినప్పుడూ కాలేదు, లోపల ఇంకొకరి నీళ్ళు, ఇంకొకరి ఎండ, బయట తాడు పట్టుకుని నేను, ఎవరని అడిగితే చెప్పుకోవాల్సి వచ్చిన ఇప్పుడే నాదయింది, గొంతు సవరించుకున్నాను, నేనేనమ్మా, ఓనర్ని.