అంచున నడిచిన చీమ

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. పనిగదిలో పుస్తకాలు బైండు చేసే నాన్న, ఆయన పక్కన కటింగ్ మెషీను చక్రం తిప్పే బాబాయి, వంటింటి గడప మీద సూదిలోకి దారం ఎక్కించలేక సూదిని తిడుతున్న నాయనమ్మ, ముందుగదిలో కాలు మీద కాలేసుకుని గడియారం చూసుకుంటున్న పళ్ళ డాక్టరు, ఇక ఎవరికీ అడ్డం రాకుండా గోడవార కూర్చున్న పద్నాలుగేళ్ళ పిల్ల. అమ్మ డ్యూటీకి వెళ్ళింది.

ఆ పిల్లకు బాబాయి పెట్టిన పేరు గుసగుస. కొత్తవాళ్ళు గుమ్మంలోకి వస్తే చాలు, ఆమె నోటికి తాళం పడిపోయేది. అడిగినదానికి జవాబు నాయనమ్మ చెవిలో చెబితే, నాయనమ్మ దాన్ని వీధి చివరిదాకా వినిపించేది.

డాక్టరు బైండింగుకు ఇచ్చింది పిల్లల బొమ్మల పత్రిక ఒకదాని ఏడాది సంచికలు. ఆయన నిక్కర్లు వేసుకునే రోజుల్లో వారంవారం వచ్చేదట. యాభై రెండు సంచికలు, ఒక్కోటి పదహారు పేజీలు. "పన్ను పీకించుకోడానికి వచ్చిన పిల్లలు నా మొహం చూసి ఏడవకుండా దీన్ని చూస్తారు. అన్నీ కలిపి గట్టిగా ఒకే పుస్తకం కుట్టండి," అన్నాడు.

తుప్పు పట్టిన పిన్నులు ఊడదీసి, సంచికలను వరసగా పేర్చడం గుసగుస పని. ఒక్క పూట పనికి నాలుగు రోజులు పట్టింది. బద్ధకం కాదు. మొదటి సంచికలోనే ఒక లావుపాటి పోస్టుమాన్, అతని సంచిలో ఉత్తరాలు నమిలేసే ఒక మేక ఎదురయ్యారు. మేక ఒక ఉత్తరం తింటుంది, అందులో ఏముందో ఊహించుకుని పోస్టుమాన్ వీధివీధీ తిరిగి చెబుతాడు, పెళ్ళి కావలసిన ఇంట్లో జనం ఏడుస్తారు, ఏడవవలసిన ఇంట్లో లడ్డూల్లా నవ్వులు పంచుకుంటారు. గుసగుస కడుపు పట్టుకుని, శబ్దం రాకుండా నవ్వింది.

నవ్వు తీరాక మళ్ళీ చూస్తే ఆశ్చర్యం మొదలైంది. పోస్టుమాన్ పరిగెత్తిపోయాడని చెప్పడానికి ఆ చిత్రకారుడు మనిషిని గీయనే లేదు. చిన్న దుమ్ము మేఘం, గాలిలో ఇంకా కింద పడని టోపీ, అంతే. మేకకు కన్నంటే ఒక చుక్క. ఆ చుక్క కాస్త పైకి జరిగితే అమాయకత్వం, పక్కకు జరిగితే దొంగతనం. ఒక్క చుక్కలో ఇంత పెట్టడం మనిషికి సాధ్యమా అని ఆమె వేలితో తడిమి చూసింది. సిరా తప్ప ఏమీ తగల్లేదు. ఎరుపు రంగు గీత దాటి పక్కకు పొంగిపోయినచోట కూడా ఆ తప్పు అందంగానే ఉంది.

ప్రతి ఆకుకీ, అంటే రెండు పేజీలకొకటి చొప్పున, కింది మూలలో ఒక చీమ బొమ్మ ఉండటం ఆమె చూసింది కానీ పట్టించుకోలేదు. కంపెనీ గుర్తేమో అనుకుంది.

ఆ రోజుకు కుట్టు అయిపోయింది, పుస్తకం వీపుకు రాసిన జిగురు ఆరింది. ఇక మిగిలింది మూడు అంచులూ సమంగా కోసి అట్ట వేయడమే.

"గుసగుసా, కోతకు ముందు ఆకులు ఏవైనా తిరగబడ్డాయేమో చూసి పట్రా," అని కేకేశాడు నాన్న.

ఆమె కింది మూలను బొటనవేలితో వంచి, ఆకుల్ని బర్రుమని వదిలింది.

చీమ నడిచింది.

గుసగుస పుస్తకాన్ని మొహం దగ్గరికి లాక్కుంది. మళ్ళీ మొదటినుంచి వదిలింది. చీమ ఒక రొట్టెముక్కను ఎత్తుకుంది. ముక్క కింద పడింది. వాన వచ్చింది, ముక్కనే గొడుగులా పట్టుకుంది. ఇంకో చీమ వచ్చి రెండో పక్క పట్టుకుంది. చిట్టచివరి ఆకులో రెండూ ఆగి, తలలు తిప్పి, తిన్నగా ఆమె మొహంలోకి చూశాయి.

నాలుగు వందల పదహారు చీమలు. వారానికి ఎనిమిది. ఎనిమిది ఆకులు తిప్పితే చీమ ఒక్క అడుగు కూడా పూర్తిగా వేయదు. అంటే ఆ రోజుల్లో కొన్న పిల్లల్లో ఒక్కరికి కూడా ఈ నడక కనిపించి ఉండదు. అయినా ఏడాది పొడుగునా ఆ చిత్రకారుడు గీస్తూనే ఉన్నాడు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఇవన్నీ పారేయకుండా దాచి ఒక్కచోట కుడతారని ఎంత నమ్మకం!

"ఏమే, నిద్రపోయావా?" బాబాయి వచ్చి ఆమె ఒళ్ళోంచి పుస్తకం లాక్కుపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న కింది అంచున కోసేది అర వేలు వెడల్పు. చీమ ఉన్నది ఆ అంచుకు గోరు మందం పైన.

ఆమె పనిగదిలోకి పరిగెత్తేసరికి పుస్తకం మెషీను మీదికి ఎక్కింది. డాక్టరు కూడా లేచి వచ్చి చూస్తున్నాడు. నాన్న కింది అంచును కత్తి కిందకు సరిచేశాడు. బాబాయి చక్రం మీద చెయ్యి వేశాడు. గుసగుస నోరు తెరిచింది. మాట రాలేదు. నాయనమ్మ చెవి చూస్తే గదికి ఆ చివర ఉంది.

ఆమె కత్తికింద పుస్తకం మీద అరచెయ్యి పెట్టేసింది.

"పిచ్చెక్కిందా! తియ్యి చెయ్యి!" నాన్న మొహం తెల్లబోయింది. బాబాయి చక్రం వదిలేసి రెండడుగులు వెనక్కి గెంతాడు.

"కొయ్యొద్దు," అంది గుసగుస. ఆ గదిలో ఆమె గొంతు అంత పెద్దగా వినబడటం అదే మొదలు. "చీమ చచ్చిపోతుంది."

"చీమా? పుస్తకంలో చీమలున్నాయా?" డాక్టరు కంగారుపడ్డాడు.

"అబ్బే, మా దగ్గర చీమలేంటండీ!" రోషం ముంచుకొచ్చిన నాన్న కూతురి వైపు తిరిగాడు. "అంచు కొయ్యకుండా పుస్తకమిస్తే తల దువ్వుకోని పెళ్ళికొడుకులా ఉంటుందే. నలుగురూ నా పని చూసి నవ్వరూ?"

"నవ్వనీ నాన్నా. నవ్వడానికేగా ఈ బొమ్మలాయన గీసింది."

నాయనమ్మ గడప మీదనుంచి అరిచింది: "ఒరేయ్, అది ఏడాదికి సరిపడా మాటలు ఇప్పుడే మాట్లాడేసింది. అదేంటో చూడండ్రా ముందు!"

గుసగుస పుస్తకం తీసి డాక్టరుకు ఇచ్చింది. ఎలా పట్టుకోవాలో చూపించింది. ఆయన మూల వంచి వదిలాడు.

బర్రుమన్న చప్పుడు ఆగాక ఆయన చివరి ఆకును కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు.

"ఈ చీమను నేను ఏడేళ్ళప్పుడే చూశాను," అన్నాడు. "గోటితో గీకాను కూడా, అచ్చు మరకేమోనని. ఇన్నేళ్ళూ నా అటక మీద నడవడానికి కాచుక్కూచుందన్నమాట."

నాన్న చెయ్యి చాచాడు. మొదటిసారి మరీ తొందరగా వదిలాడు, ఏమీ కనబడలేదు. రెండోసారి నిదానంగా వదిలాడు. బాబాయి ఆయన భుజం మీదుగా మెడ సాచాడు. వాన వచ్చినచోట నాన్న పెదవులు విచ్చుకున్నాయి. చివరి ఆకులో చీమలు ఆయన్ని చూశాయి. ఆయనా వాటిని చూశాడు.

"పై అంచు, పక్క అంచు కోస్తాను," అన్నాడు. "కిందది కొయ్యను. గరుకు కాగితంతో చేత్తో సాపు చేస్తాను. వంకరగా ఉంటే మాత్రం నన్నేమీ అనకూడదు డాక్టరుగారూ."

"కోస్తేనే అంటాను," అన్నాడు డాక్టరు.

నాయనమ్మ సూదినీ దారాన్నీ గడప మీదే వదిలేసి లోపలికొచ్చింది. "నా కళ్ళకు ఆనేలా మెల్లగా తిప్పరా."

"నాకూ," అని గుసగుస ముందుకొచ్చింది.

"నువ్వు ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నావుగా," అన్నాడు బాబాయి, తన చోటు పోకుండా మోచెయ్యి అడ్డం పెట్టి.

"ఒక్కసారి బాబాయ్!"

నాన్న ఆమెను రెండు భుజాలూ పట్టి, చాలా సున్నితంగా గుమ్మం బయటికి నడిపించాడు. "నువ్వెళ్ళమ్మా. మాకిక్కడ బోలెడు పనుంది," అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. వెనక అప్పుడే ఆకులు బర్రుమన్నాయి. ఆయన తలుపు వేసేశాడు.