జట్టు మీది, ఆటగాళ్లు మావాళ్లు

ఫైనల్స్‌లో మేమూ అవతలి జట్టూ చెరిసగం మ్యాచ్‌లు గెలిచి సమానంగా ఉన్నాం. తేల్చే మ్యాచ్ శనివారం, మా ఊళ్లోనే. పెన్సిల్వేనియాలో గనులు మూతపడ్డ మా ఊరికి ఈ ఐస్ హాకీ జట్టు తప్ప చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. శుక్రవారం ప్రాక్టీసు అయ్యేసరికి, మాకు ఆటగాళ్లను పంపే, పై లీగులో ఆడే పెద్ద జట్టు మనిషి గోర్డన్ ప్రాట్ దిగాడు.

"తూమస్‌ని తీసుకెళ్తున్నా" అన్నాడు మా ఓనరు బెర్నడెట్ హ్రబోవ్‌స్కీతో.

తూమస్ మా గోల్‌కీపర్. అతను లేకపోతే మేం ఫైనల్స్ గుమ్మం తొక్కేవాళ్లం కాదు.

బెర్నడెట్ మా కోసం తెచ్చిన, బంగాళదుంప కూరి ఉడికించిన పిరోగీల గిన్నెను బెంచీ మీద దబ్బున పెట్టింది. "రేపు ఫైనలయ్యా! మీ గోల్‌కీపర్లకేమైనా దెబ్బలు తగిలాయా?"

"లేదండీ, ఇద్దరూ బాగానే ఉన్నారు. ప్రాక్టీసులో షాట్లు ఆపడానికి మూడోవాడు కావాలి."

"ప్రాక్టీసుకా! ఆదివారం పంపిస్తాలే, కడుపునిండా ఆపించుకోండి."

"రేపే కావాలట. ఒప్పందం మీకు తెలిసిందేగా. జట్టు మీది, ఆటగాళ్లు మావాళ్లు."

"అంటే నాదేంటి? బస్సూ తువ్వాళ్లూనా? ఓడితే ఊరి తిట్లు తినేదాన్నేనా?"

ప్రాట్ గడియారం చూసుకున్నాడు. అతని దవడ పగలగొట్టాలనిపించింది నాకు. నేను కెప్టెన్‌ని. నా కాంట్రాక్టు పెద్ద జట్టుతో కాదు, బెర్నడెట్‌తోనే. ఆ కోపాన్ని తీసుకెళ్లి బ్యాగు సర్దుకుంటున్న తూమస్ మీద చూపించాను.

"సిగ్గు లేదురా? అక్కడ నీకు ఆట కూడా లేదు!"

"పెద్ద జట్టు నుంచి ఫోన్ వస్తే నువ్వు వెళ్లకుండా ఉంటావా, కర్ట్?" అన్నాడు తూమస్, తలెత్తకుండానే.

ఇన్నేళ్లలో నాకు ఆ ఫోన్ ఒక్కసారీ రాలేదు. పక్కనున్న హెల్మెట్‌ను గోడకేసి కొట్టాను.

బయట బెర్నడెట్ కత్తెరతో కూర్చుంది. మా చొక్కాల భుజాల మీద పెద్ద జట్టు గుర్తు కుట్టి ఉంటుంది. ఒక్కొక్కటీ పరపరా ఊడదీస్తోంది. నేనూ ఓ చొక్కా లాక్కున్నాను. తూమస్‌ని ఎక్కించుకుని ప్రాట్ కారు కదిలిస్తుంటే, ఆమె ఆ గుర్తులన్నీ కిటికీలోంచి అతని ఒళ్లో పోసింది.

"ఇవి తీయకూడదండీ! ఒప్పందం..."

"నీ వస్తువులు నీకిచ్చేస్తున్నా. పో!"

శనివారం చిత్తుగా ఓడిపోయాం. నాలాగే బెర్నడెట్‌తో కాంట్రాక్టున్న రెండో గోల్‌కీపర్ వెస్ డోబిష్ ఒళ్లు హూనం చేసుకున్నాడు పాపం. అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తూమస్ అక్కడ ప్రాక్టీసు చేసి, వాళ్ల మ్యాచ్‌ను సూటు వేసుకుని జనంలో కూర్చుని చూశాడట.

వేసవిలో పెద్ద జట్టు మాతో తెగతెంపులు చేసుకుంది. తమ ఆటగాళ్లందరినీ ఇంకో ఊరికి తరలించింది. జట్టునూ అమ్మెయ్యమని ఫోన్ చేస్తే, బెర్నడెట్ మాట మధ్యలోనే ఫోన్ పెట్టేసింది. జట్టును కింది లీగులో చేర్చింది.

అక్టోబరులో మొదటి ప్రాక్టీసుకు వెళ్తే మంచు మీద ముగ్గురు కొత్తవాళ్లూ వెస్సూ మాత్రమే ఉన్నారు. వేరే ఊళ్ల నుంచి రావాల్సిన మిగతా కొత్తవాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు. బెర్నడెట్ అద్దాల వెనకనుంచి అరుస్తోంది.

"టైమెంతైంది కర్ట్? కెప్టెనువి నువ్వే ఆలస్యమైతే వాళ్లనేం అంటావు? పరిగెత్తు!"

పెద్ద జట్టు మీద ఆమెకు కోపం తగ్గలేదు. నాకూ తగ్గలేదు. స్కేట్ల తాళ్లు బిగించి మంచు మీదికి దూకాను.