రెండ్రోజుల డబ్బా

అది దుప్పట్లు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా. చిక్కపేటలో కొన్నది. నీలం మూత, అడుగున నాలుగు చక్రాలు. కుందలహళ్ళిలోని ఆ అద్దె ఫ్లాట్‌లో శశిధర్ పెంచుకునే రెండు తాబేళ్ళ గాజుతొట్టి ఒక బుధవారం పగిలి బాల్కనీ అంతా నీళ్ళయితే, అతను దుప్పట్లను మంచమ్మీద కుమ్మరించి తాబేళ్ళను ఆ డబ్బాలోకి దించాడు. "రెండ్రోజులే కిరణూ, శనివారం కొత్త ట్యాంక్ తెచ్చేస్తా" అన్నాడు భార్యతో. కిరణ్మయి నమ్మలేదు. శశిధర్ రెండ్రోజులన్న పనులు ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి మూలుగుతున్నాయి. అయితే ఈసారి తప్పు అతనిది కాదు. శుక్రవారం ఆఫీసు మీటింగులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళకే.

పదో రోజు పిండం పెడితే కాకి ముట్టలేదు. పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోతే ముట్టదనీ, అది తీరుస్తామని పైకి మాటిస్తే వచ్చి ముడుతుందనీ మనవాళ్ళ నమ్మకం. శశిధర్ చిన్నాన్న గంగన్న, ఎప్పుడో జిగణిలో స్థిరపడినాయన, చేతులు జోడించి "కిరణ్మయిని కన్నకూతురి మాదిరి చూసుకుంటామప్పా" అన్నాడు. కాకులు గోడమీద కూర్చుని మొహం తిప్పుకున్నాయి. ఒంటరిదాన్ని చెయ్యబోమన్నాడు. ఉద్యోగం మాన్పించబోమన్నాడు. గంటన్నర బతిమాలి, ఎండ నడినెత్తికొచ్చాక, పిండాన్ని నీళ్ళలో కలిపేశారు. తన మీద బెంగతోనే అతని ప్రాణం కొట్టుకుంటోందని అనుకుంది కిరణ్మయి. అంత ఏడుపులోనూ ఆ ఊహ ఆమెకి కాస్త ఇష్టంగానే ఉంది.

శశిధర్‌కి ఓ అలవాటుండేది. పొద్దున ఏడుంబావుకి బాల్కనీలో పీట వేసుక్కూర్చుని, తొట్టి గోడమీద ఉంగరపు వేలితో రెండుసార్లు తట్టేవాడు. తాబేళ్ళు రెండూ ఈదుకుంటూ వచ్చి, మెడలు సాచి, గోళ్ళతో గీకేవి. అప్పుడు మేత వేసేవాడు. డబ్బాలోకి మార్చాకా, బతికున్న ఆ రెండు పొద్దులూ అలాగే చేశాడు.

పిండం పెట్టిన మర్నాడు వంటింట్లో ఉన్న కిరణ్మయికి ప్లాస్టిక్ మీద గోళ్ళ చప్పుడు వినిపించింది. టైమ్ చూస్తే ఏడుంబావు. వెళ్ళి చూసింది. రెండూ ఖాళీ పీట వైపు మెడలు సాచి ఉన్నాయి. ఆకలేమో అనుకుంది. తర్వాతి రోజు ఆరింటికే మేత వేసింది, అయినా వేళకి వచ్చాయి. డబ్బాను చక్రాల మీద అటుదిటు తిప్పింది. అవి తిరిగి పీటవైపే వచ్చాయి. పీట తీసేసింది. పీట ఉండే చోటునే చూశాయి. తనే వెళ్ళి తట్టి చూస్తే మాత్రం ఒక్కటీ కదల్లేదు. భయమేసి తలుపేసుకుంది.

ఆ భయం మూడు రోజులే. నాలుగో రోజు రెండు కప్పుల కాఫీ కలిపి, పీట మళ్ళీ వేసి, తను గుమ్మంలో కూర్చుంది. ఆఫీసు సంగతులు చెప్పింది. తనకి చెప్పకుండా పోయినందుకు తిట్టింది. గోళ్ళ చప్పుడు ఆగేదాకా, పావుగంటసేపు, అతను ఉన్నట్టే. రోజులో మిగిలినదంతా ఆ పావుగంట కోసమే గడిపేది. కొత్త ట్యాంక్ కొనమని గంగన్న చెవినిల్లు కట్టుకుని పోరాడు. ససేమిరా అంది. చోటు మారిస్తే అతను పోల్చుకోలేడేమోనని ఆమె భయం. అది ఎవరితో చెప్పుకుంటుంది?

నాలుగో నెలలో చిన్న తాబేలుకి కళ్ళు వాచాయి. డాక్టరు దాని డిప్పను వేలితో నొక్కి చూశాడు. "మెత్తబడిపోయింది మేడమ్. ఎండ లేదు, తిరగడానికి చోటు లేదు. ఇలాంటి డబ్బాలో రెండ్రోజులు పెట్టచ్చు, నెలలు కాదు. ఇలాగే ఉంచితే బతకదు" అన్నాడు. కిరణ్మయి తలూపి ఇంటికొచ్చి, మళ్ళీ ఆ డబ్బాలోనే వదిలింది. ఇంకో వారం, అనుకుంది. ఆ వారం రెండు వారాలైంది.

ఓ పొద్దున ఏడుంబావుకి పెద్దది ఒక్కటే వచ్చింది. చిన్నది పైకి రాబోయి, ముందుకాళ్ళు రెండుసార్లు ఆడించి, రాయిలా అడుక్కి దిగిపోయింది. కిరణ్మయి కాఫీ కప్పు కింద పెట్టేసింది. ప్రాణమున్నదాన్ని చంపుకుంటూ ప్రాణం లేనివాడితో కాపురం చేస్తున్నానని అప్పుడు అర్థమై, తన మీద తనకే అసహ్యం వేసింది. వెంటనే గంగన్నకి ఫోన్ చేసింది.

"మా ఇంటెనక సిమెంటు తొట్టి ఉండాది. పొద్దంతా ఎండ. నేనొచ్చి తీసకపోతాలేమ్మా" అన్నాడాయన. మధ్యాహ్నానికల్లా వచ్చి, తడిగుడ్డ పరిచిన బుట్టలో రెండింటినీ పట్టుకెళ్ళాడు. డబ్బాని మాత్రం ఆమె కదలనివ్వలేదు.

మర్నాడు వేళకి గుమ్మంలో కూర్చుంది. డబ్బాలో నీళ్ళు కదల్లేదు. గోళ్ళు లేవు కాబట్టి చప్పుడు లేదు, అతను మాత్రం వచ్చే ఉంటాడని సర్దిచెప్పుకుని రోజూ లాగే మాట్లాడింది. మూడో రోజు సగంలోనే ఆపేసి కప్పులు లోపల పెట్టేసింది. తను ఒట్టి బాల్కనీతో మాట్లాడుతున్నట్టు ఒంటికి తెలిసిపోతోంది.

ఐదో రోజు గంగన్న ఫోన్ చేశాడు. "చిన్నది మేత ముడతా ఉండాదిమ్మా, భయం లేదు. ఒకటి అడగల్ల నిన్ను. పొద్దున ఏడుంబావు అయితే చాలు, రెండూ తొట్టి మూలకొచ్చి మెడలు సాచి గీకతా ఉండాయి. ఆడ సూస్తే ఎవరూ ఉండరు. ఏమిటికమ్మా?"

కిరణ్మయి గోడకి ఆనుకుంది. "ఎప్పట్నుంచి, చిన్నమామయ్యా?"

"వచ్చిన మర్నాటి నుంచే."

మర్నాడు తెల్లవారుతుండగానే క్యాబ్‌లో జిగణి చేరి, అంతా చెప్పేసింది. గంగన్న తొట్టి గట్టున కూర్చున్నాడు. చివరికి, "ఆ పొద్దు పిండం కాడ నీ పేరు చెప్పి మాటిచ్చినాను, కాకి ముట్టలేదు. వీటి మాటే ఎవరికీ తట్టలేదు గదమ్మా. ఇప్పుడు నువ్వే చెప్పల్ల" అన్నాడు.

చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తొట్టి దగ్గర నిలబడింది. ఏడుంబావుకి రెండూ పైకొచ్చి, ఆమెని దాటి, ఎవరూ లేని మూలవైపు మెడలు సాచాయి. నాలుగు నెలలు తను పోసిన కాఫీలు, ఏడ్చిన ఏడుపులు, చెప్పిన కబుర్లు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అటు తిరిగి, నాకోసం ఒక్కరోజైనా వచ్చావా అని అడగాలనిపించింది. కోపమొచ్చింది. చిన్నది సరిగ్గా తెరుచుకోని కళ్ళతో ఇంకా గీకుతోంది.

"వీటిని నేను చూసుకుంటాను" అంది. "నువ్వెళ్ళు శశీ."

గోళ్ళ చప్పుడు ఆగింది. తాబేళ్ళు మెడలు లోపలికి లాక్కుని, ఎవరి దారిన అవి నీళ్ళలోకి దిగిపోయాయి. కిరణ్మయి ఎనిమిదింటిదాకా ఆ మూలనే చూస్తూ నిలబడింది. అతను అంత తొందరగా వెళ్ళిపోతాడని ఆమె అనుకోలేదు.