మూడు రోజుల సౌరయాగం

మానవ నాగరికతను కొలవడానికి కొలబద్దలు అనేకం ఉన్నాయి గాని, ఇంటి ముందు వీధిలో, కారుకు తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంటిని, అంటే క్యారవాన్‌ను, ఎన్నాళ్లు నిలపవచ్చునన్న శాసనాన్ని మించినది ఇంకొకటి లేదు. యౌరె పట్టణంలో ఆ గడువు మూడు రోజులు. నాలుగో ఉదయం ఎదురింటి గోస్సె కిటికీ తెర పక్కకు జరిపి పురపాలక కార్యాలయానికి ఫోన్ చేస్తాడు. అందులో ద్వేషం లేశమైనా ఉండదు. సొంత తల్లి బండి అయినా చేస్తాడు.

ఆ మూడు రోజులలోనే సాక్షాత్తు సూర్యుణ్ణి తన క్యారవాన్ కప్పు మీదికి దింపుకోవాలని డెబ్బై రెండేళ్ల వీబ్రెన్ సంకల్పించాడు. నలభై ఏళ్లు జలమండలిలో తూములు తనిఖీ చేసినవాడు. ఆ జిల్లాలో అతడు చీటీ అంటించని తూము లేదు, తేదీ వేయని మీట లేదు. పదవీ విరమణ తరువాత ఆ పరిపాలన వంటింటి జాడీలకు విస్తరించింది.

ఈ యాగానికి మూలం నిరుటి వేసవి. చక్రాలకు ఆనించిన చిన్న మోటార్లతో, చేతిలోని రిమోట్ నొక్కగానే దానంతట అదే జరగవలసిన క్యారవాన్, సముద్రపుటొడ్డు శిబిరంలో అందరి ఎదుట మొరాయించింది. ఏడుగురు అపరిచితులు దాన్ని దాని స్థలంలోకి తోశారు. వాళ్లలో ఒకడు స్నానపు చెడ్డీలో ఉన్నాడు, బీరు సీసా కింద పెట్టకుండానే తోశాడు. ఎనిమిదోవాడిగా చెయ్యి వేసిన వీబ్రెన్‌కు నడుము పట్టేసింది. అతడు వారం పాటు పక్క దిగలేదు. అతని భార్య హిల్కె ఆ వారమంతా నీళ్ల బిందెలు ఒంటరిగా మోసింది.

"నాకు క్యారవాన్ మీద కోపం లేదు," అంది ఆమె సోమవారం, కాఫీ పోస్తూ. "అలిసిపోయాను, అంతే. మళ్లీ ఎవరో వచ్చి తొయ్యాల్సిన గతే ఉంటే అమ్మేద్దాం. మెప్పెల్ ఊరివాళ్లు కొంటామని అడుగుతూనే ఉన్నారు. గురువారం అయిదింటికి ఔనో కాదో చెప్తానన్నాను."

"తప్పు బ్యాటరీది, హిల్కె. చలికాలమంతా అద్దెకు పెట్టిన రైతు దొడ్లో ఊరికే పడుండి నీరసించింది. సౌరఫలకం పెడితే రోజూ ఇంత తింటుంది."

"మరి లోపల దీపం వెలిగిందిగా?"

"దీపానికి కావలసిన బలం వేరు, బండిని లాగే బలం వేరు."

ముప్పై ఎనిమిది వేసవులు గడిపిన బండి అది. దాన్ని అమ్మాక జూలైలో తాను ఏమవుతాడో వీబ్రెన్ ఊహించుకోలేకపోయాడు. ఊహించుకునే ఓపిక కూడా లేదు.

మంగళవారం క్యారవాన్‌ను ఇంటి ముందుకు తెచ్చి, నిచ్చెన వేసుకొని కప్పు మీది పాచి గీకాడు. మోకాళ్లు రెండూ వేర్వేరు భాషల్లో మొర పెట్టుకున్నాయి. ముందుగా మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు చూపింది. అంటే నిక్షేపంలా ఉన్నట్టే. వీబ్రెన్ నమ్మలేదు. ముసలివాళ్లు డాక్టరు ముందు నిటారుగా కూర్చోవడం లాంటిదే ఇదీ అని తీర్మానించాడు. మధ్యాహ్నం ఫలకాన్ని జిగురుతో అతికించాడు. ఆ జిగురు ఒక రాత్రంతా ఆరాలి. వెంటనే వాన మొదలైంది. గొడుగు పట్టుకొని నిచ్చెన మీద గంటసేపు నిలబడ్డాడు.

"ఏం వీబ్రెన్, దీన్ని చంద్రుడి మీదికి పంపుతున్నావా?" గోస్సె కిటికీలోంచి అరిచాడు. "లేక పక్క జిల్లా డ్రెంతె దాకానేనా?"

"నీ కిటికీ అద్దం మురికిగా ఉంది గోస్సె. అందుకే అన్నీ నీకు దూరంగా కనిపిస్తున్నాయి."

బుధవారం కప్పుకు చిల్లు పొడిచాడు. తన చేతులతో తన కప్పుకు చిల్లు పెట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలో, వానలు కురిసే దేశంలో పుట్టినవాడికే తెలుస్తుంది. తీగలు లోపలికి దింపి, ప్రతిదానికీ నంబరు వేసి, చీటీ కట్టాడు. పద్నాలుగు చీటీలు. సాయంత్రానికి నడుము సగం వంగి, అక్కడే ఆగిపోయింది.

గురువారం మబ్బు విడిచింది. నియంత్రణ పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఫలకం నుంచి విద్యుత్తు పారుతోంది, బ్యాటరీ నిండింది. నాలుగున్నరకు వీబ్రెన్ రిమోట్ చేతబట్టి, వీధి మధ్యన సేనానిలా నిలిచాడు. హిల్కె ఫోన్ పట్టుకొని గడపలో నిలుచుంది.

నొక్కాడు. రిమోట్ మీద ఎర్రదీపం. బండి కదలలేదు. మళ్లీ నొక్కాడు. కదలలేదు.

"నేనొచ్చి తొయ్యనా?" అన్నాడు గోస్సె. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. అదే ఎక్కువ బాధించింది.

వీబ్రెన్ నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాడు. "ఫోన్ చెయ్యి హిల్కె. నావల్ల కాదింక."

ఆమె వెంటనే చేయలేదు. "ముందు మన సామాన్లు తీసేసుకోనీ," అంటూ లోపలికి వెళ్లింది. వెనక బెంచీ కింది నుంచి గుడారపు మూట లాగుతున్న చప్పుడు వినిపించింది.

"ఏమయ్యా, ఈ మూట వెనకాల ఎర్ర మీట ఒకటుంది. ఇదేంటి?"

"ఏ మీట?"

"సరే, తిప్పాను. నొక్కి చూడు."

నొక్కాడు. దీపం పచ్చబడింది. క్యారవాన్ చిన్నగా మూలిగి, ఎవరూ తోయకుండానే, ముసలి ఆవులా ఒక అడుగు ముందుకు జరిగింది. గోస్సె కిటికీ వెనక చప్పట్లు కొట్టాడు.

హిల్కె బయటికొచ్చి, ఫోన్ చెవిన పెట్టుకొని మెప్పెల్ వాళ్లకు కాదని చెప్పింది. ఆపైన భర్త పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"ఆ మీట పక్కన ఏదన్నా రాసుందా?" అన్నాడు వీబ్రెన్ చివరికి.

రాసి ఉంది. ముత్యాల్లాంటి అతని అక్షరాలలోనే, రెండేళ్ల కిందటి అక్టోబరు తేదీతో: "మోటార్ల మీట. చలికాలానికి ఆపితిని. వసంతమున మరువక తిప్పవలెను."