ఇవ్వని ఊరు

పొడుపు కథ విప్పలేనివాడు ఊరు ఇచ్చుకోవాలి. ఆదోనిలో ఒక బడి పిల్లలకు అది చట్టం. "కౌతాళం ఇచ్చినా" అంటే కౌతాళం చేయిజారినట్టే. అప్పుడుగానీ కథ వేసినవాళ్లు విడుపు చెప్పరు. ఊరివ్వకపోతే విడుపు రాదు. బతిమాలినా రాదు, కొబ్బరిమిఠాయి లంచం పెట్టినా రాదు.

ఈ ఆటను తరగతిలోకి తెచ్చిన ఘనుడు తెలుగు అయ్యవారు శ్రీపాదరావు. ఆయన పిల్లల్లో కొందరి ఇంట్లో కన్నడం, కొందరి ఇంట్లో ఉర్దూ, మిగిలినవాళ్లకు తెలుగు. పద్యం అప్పజెప్పమంటే మాత్రం అందరిదీ ఒకే భాష, ఆవలింత. విసిగిపోయి ఒక శనివారం పుస్తకాలు మూయించి, ఎవరి కథ వాళ్లే కట్టుకు రమ్మన్నాడు. అవ్వ చెప్పిన పాతవి చెల్లవు. సొంతంగా కట్టాలి, మాటకు మాట కలవాలి. ఇంకేముంది, పిల్లలు అన్నం ముందు కూర్చుని కూడా ప్రాసలు వెతుక్కోసాగారు. ఇళ్లలో పెద్దవాళ్ల చెవులు చిల్లులు పడ్డాయి.

ఎక్కువ చిల్లులు పడింది మాబు సాబ్‌కు. అతను దూదేకులవాడు. వాకిట్లో విల్లు వేలాడదీసి దూది ఏకడం, పరుపులు కుట్టడం అతని పని. కూతురు జమ్రుద్ బడినుంచి రాగానే సంచి ఒక మూల విసిరేసి అతని పక్కన చేరేది. "నాయనా, ఒక కత ఏస్తా, ఇప్పు!" మాబు సాబ్‌కు అంత ఓపిక యాడిది? చెయ్యి ఆపకుండానే "హొళగుంద ఇచ్చినా, సెప్పు" అనేవాడు. మర్నాడు సి.బెళగల్. అట్లా ఇచ్చి ఇచ్చి చివరికి ఆదోనిని కూడా కోటతో సహా ధారపోశాడు. "ఇన్ని ఊర్లకు రాణినయ్యి గూడా నేను సద్దిరొట్టె తినాల్నా?" అని జమ్రుద్ తల్లి సుగ్రాబీతో జగడం పెట్టుకునేది.

డెబ్బై ఎనిమిదిలో, వానలు వెనకబట్టి కొత్త పత్తి దిగే రోజుల్లో, పెళ్లివారి పరుపుల పని మీద పడింది. ఒక సాయంత్రం జమ్రుద్ చేతులు కట్టుకుని నిలబడింది.

"తట్టకుండా వస్తాది,
తరిమితే నగుతాది,
ఉన్నంతసేపు ఊరుకోదు,
పోయేటప్పుడు సెప్పదు.
ఏంది నాయనా?"

"ఇప్పుడు కాదు పాపా. ఊరు రేపు ఇస్తాలే, పో."

చట్టం చట్టమే. జమ్రుద్ విడుపు చెప్పకుండా లోపలికి పోయింది. ఆ రాత్రే జ్వరం తగిలింది. పెద్దాసుపత్రికి మోసుకుపోయారు. పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు.

మట్టి వేసేటప్పుడు మాబు సాబ్ ఏడవలేదు. "ఏడువప్పా, లేకుంటే గుండె పగుల్తాది" అని పక్కింటి బజారి భుజం పట్టి కుదిపినా ఏడుపు రాలేదు. అన్నం పెడితే తిన్నాడు, దూది తెస్తే ఏకాడు. కూరలో ఉప్పు లేకపోయినా తెలియలేదు, సూది వేలిలో దిగినా తెలియలేదు. సుగ్రాబీ గోడవైపు తిరిగి కుమిలిపోతుంటే, ఎవరింటికో పనిమీద వచ్చినవాడిలాగా చూస్తూ కూర్చున్నాడు. తనకు ఏమైందో తనకే అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం లోపల గీరుతూ ఉండేది. ఆ కథకు విడుపేమిటి? అది తెలిస్తే చాలు, ఇంకేమీ వద్దు.

నలభై దినాల ఫాతెహా చదివించాక ఒక శనివారం బడికి పోయాడు. పిల్లలంతా లేచి నిలబడ్డారు. విప్పని కథను నల్లబల్ల మూలన రాసి ఉంచడం అక్కడి అలవాటు. జమ్రుద్ అదే కథను ఆ రోజు బడిలోనూ వేసిందట. అదింకా అక్కడే ఉంది. మాబు సాబ్‌కు చదువు రాదు గనక పిల్లలే చూపించి చెప్పారు.

"అయ్యవారూ, దీని విడుపు మీకు తెల్సుంటాది," అన్నాడు మాబు సాబ్. "నేను ఊరు ఇస్తా. ఏ ఊరంటే ఆ ఊరు ఇస్తా. సెప్పండి."

శ్రీపాదరావుకు తెలియదు. తెలియదని ఆ మొహం చూసి చెప్పే ధైర్యమూ లేదు.

"గాలి, మాబూ. గాలి," అన్నాడు. తెలుగు ఎంత వచ్చినా అబద్ధమాడటంలో ఆయనకు ఓనమాలు రావు. నేలచూపులు చూస్తూ అన్నాడు.

మాబు సాబ్ తల ఊపాడు. తట్టకుండా వస్తాది, సరే. చెప్పకుండా పోతాది, సరే. అన్నీ సరిపోయాయి గానీ లోపల ఏమీ కదల్లేదు. ఇంతేనా అనుకుని వెనక్కి తిరిగాడు.

"కాదు సార్!" అని లేచింది ఉచ్చీరమ్మ. జమ్రుద్ పక్కన కూర్చునే పిల్ల. "ఆ పొద్దే నేను గాలి అంటి. కాదనె. వీరన్న పిల్లి అంటే కాదనె. ఎక్కిళ్లంటే పడీపడీ నగె."

శ్రీపాదరావు మొహం చిన్నబోయింది. "తప్పయింది మాబూ. నాకు తెలీదు. పాప ఎవరికీ చెప్పలేదు."

ఉచ్చీరమ్మ ఇంకా నిలబడే ఉంది. "మేమందరం కలిసి ఎమ్మిగనూరు ఇచ్చేద్దామనుకుంటిమి సార్. పెద్ద ఊరు గదా. విడుపు సెప్పేటోళ్లు లేకున్యా గెలుపు జమ్రుద్‌దే. అప్పుడు బల్ల తుడ్చొచ్చు."

"వద్దు పాపా!" అన్నాడు మాబు సాబ్. గొంతు ఎందుకంత పెద్దదయిందో అతనికే తెలియలేదు. "ఇయ్యొద్దండి. ఊరిస్తే ఆట అయిపోతాది. నేనూ ఇయ్యను. అయ్యవారూ, ఆ మూల తుడవద్దని సెప్పండి."

శ్రీపాదరావు తల ఊపాడు.

ఇంటికొచ్చేసరికి సుగ్రాబీ పొయ్యి దగ్గర రొట్టె తడుతోంది.

"సెప్పినారా?"

"లే. ఎవురికీ తెల్దు. ఊరు గూడా ఇయ్యలేదు, నేనే వద్దంటి."

సుగ్రాబీ రొట్టె తిప్పేసి, "నీడేమో," అంది మెల్లగా.

మాబు సాబ్ కథను మనసులో మొదటినుంచి చెప్పుకున్నాడు. తరిమితే నీడ నగదు గదా.

"కాదంటాది," అన్నాడు.

"కల?"

"కాదంటాది. తలకాయ ఊపుతా కాదంటాది..." ఇన్నాళ్లూ రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పిల్ల లేదన్న సంగతి అప్పుడు తెలిసింది అతనికి. గడప మీద కూలబడి, చిన్నపిల్లవాడిలాగా నోరు తెరిచి ఏడ్చాడు.

సుగ్రాబీ పక్కన వచ్చి కూర్చుంది. పెనం మీద రొట్టె మాడుతున్నా లేవలేదు. కొంగుతో అతని మొహం తుడిచి, తన మొహం తుడుచుకుని, "పోనీ, వాన?" అని అడిగింది.